మార్చి దాకా మేక

కోర్నెట్, మార్చి 4

చిరంజీవి కామెలియాకి, పెదనాన్న ఇలారియె దీవించి రాసేది.

నా పని అయిపోయిందమ్మా. కుడి మూత్రపిండంలో చెర్రీ పండంత గడ్డ ఉందట. కోసెయ్యమంటే డాక్టరు కొయ్యనన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు కదా, ఆర్నెల్లకోసారి చూస్తూ ఉందాం అన్నాడు. చూస్తూ ఉండటానికి నేనేమైనా టీవీనా? పొగబెట్టిన పంది తొడ పట్టుకెళ్తే వెనక్కిచ్చేశాడు. డాక్టరు కానుక కూడా పుచ్చుకోలేదంటే ఇంక ఆశ లేనట్టేగా.

నీ పెదనాన్న

తా.క. దిగులుతో సగం తొడ నేనే తినేశాను.

క్రయోవా, మార్చి 11

ప్రియమైన పెదనాన్నకి,

డాక్టరుతో మాట్లాడాను. గడ్డ రెండు సెంటీమీటర్లే. అలాంటివి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని పెరగనే పెరగవు. ఈ వయసులో గడ్డకన్నా కోతే ఎక్కువ కష్టపెట్టొచ్చట. పెరిగితే అప్పుడు వైద్యం చేస్తారు. నిన్ను వదిలెయ్యలేదు, కనిపెట్టి ఉంటున్నారు. సెప్టెంబరు స్కానింగు మాత్రం మానకు. నాన్న పోయాక నాకు నువ్వే ఉన్నావు.

నీ కామెలియా

తా.క. ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడట.

కోర్నెట్, మే 20

చిరంజీవి కామెలియాకి,

నీది మంచి మనసు. పోయేవాడికి ధైర్యం చెప్పడం మన ఇంటి అలవాటే, మీ నాన్నకి నేనూ అలాగే చెప్పాను. అందుకే మన పద్ధతి ప్రకారం, నేను పోయాక పెట్టాల్సిన భోజనాలు బతికుండగానే పెట్టేశాను. ఫాదరుగారు ప్రార్థన చేశారు. ఆ భోజనాల్లోనే నా కోటు ఆయనకి దానమిచ్చాను. మంచం, మేక ఎదురింట్లో ఒంటరిగా ఉంటున్న సాఫ్తాకిచ్చాను. ఇంత చేశాక స్కానింగుకి వెళ్తే ఊరు నవ్వుతుంది. వెళ్ళను.

నీ పెదనాన్న

తా.క. సాఫ్తా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండింది, అద్భుతం. నా భోజనాలకి నేనే రెండుసార్లు కూర్చున్నాను.

క్రయోవా, మే 29

పెదనాన్నా,

నాకు భయమేస్తోంది. నువ్వు వెళ్ళకపోతే నేనే వచ్చి ఎత్తుకెళ్తాను.

కామెలియా

తా.క. మంచం ఇచ్చేసి ఎక్కడ పడుకుంటున్నావు?

కోర్నెట్, సెప్టెంబరు 20

చిరంజీవి కామెలియాకి,

నీ ఉత్తరం సాఫ్తాకి చూపించడం నా తప్పే. స్కానింగు రోజు పొద్దున్నే నన్ను బస్సెక్కించింది. గడ్డ ఏమీ పెరగలేదమ్మా. మళ్ళీ మార్చిలో రమ్మన్నాడు డాక్టరు. ఆ మాటకి ఏడ్చేశాను. నాకింకో మార్చి ఉందన్నమాట.

కష్టమల్లా ఇంటికొచ్చాకే. పోయేవాణ్ణే కదా అని ఇన్నాళ్ళూ నేలమీదే పడుకున్నాను, ఇప్పుడు చూస్తే మంచం లేదు, మేక లేదు. ఆ భోజనాల్లో ఇచ్చింది వెనక్కి అడగకూడదాయె. రోజూ సాఫ్తా గుమ్మం ముందు నిలబడి మేకని చూస్తూ ఉన్నాను. ఏడో రోజు ఆవిడే బయటికొచ్చింది.

"చూస్తూ ఉండటం గడ్డ వరకు సరే, నా దగ్గర కుదరదు. లోపలికి రా."

అక్టోబరు పన్నెండున మా ఇద్దరి పెళ్ళి. ముందురోజే వచ్చెయ్యి.

నీ పెదనాన్న

తా.క. డాక్టరునీ పిలిచాను. పంది తొడ వండి కంచంలో వడ్డిస్తే ఎలా వెనక్కిస్తాడో చూస్తాను.