ఏడు రెగ్యులేటర్లు

నాన్నకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం మీకు చదివి వినిపిస్తున్న గుమాస్తా గారికి కూడా. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అమ్మ కాలి వాపు తగ్గింది. "తగ్గిందని రాయకు, మళ్లీ వస్తుంది" అని పక్కనే నిలబడి గొణుగుతోంది.

నీళ్ల పంపు ఇంజన్‌కు కొత్త రెగ్యులేటర్ వేశావా అని అడిగారు. వేయలేదు. ఎందుకో రాస్తాను, చివరిదాకా వినండి.

ఇంజన్ నడుస్తున్నా బ్యాటరీ దగ్గర మీటరు పన్నెండున్నర దాటలేదు. ఛార్జ్ అవుతుంటే పద్నాలుగు చూపాలి. కాయిల్ నుంచి కరెంటు బాగానే వస్తోంది. దాన్ని బ్యాటరీకి సర్ది పంపే రెగ్యులేటరే పోయిందనుకున్నాను, మీరు నేర్పినట్టే. విప్పేముందు మాత్రం, పాలిటెక్నిక్‌లో చెప్పినట్టు, దాని లోహపు పైడొప్ప నుంచి బ్యాటరీ మైనస్‌కు ఒక తీగ కలిపి చూశాను. మీటరు టక్కున పద్నాలుగుకు ఎక్కింది! ఆ డొప్ప ఇంజన్ ఇనుముకు ఆనుకుంటేనే పనిచేస్తుంది నాన్నా. మధ్యలో పచ్చరంగు పూత దట్టంగా ఉండి కరెంటుకు అడ్డుపడింది.

కాలిపోయాయని మీరు షెడ్డు మూల పెట్టెలో పడేసిన ఏడు పాత రెగ్యులేటర్లనూ తీశాను. రంగు గీకి ఒక్కొక్కటే బిగించాను. ఏడూ పనిచేశాయి. కొత్తవి బిగించినప్పుడు మరమేకు రంగును గీరుకుని కొన్నాళ్లు నడిచేవి, అక్కడ తుప్పు పట్టగానే ఆగేవి, అంతే.

"తీగలు తిరగేసి కాల్చేస్తున్నాడు" అని, వాటిని బిగించిన మావయ్యను మీరు మన రిపేరు షాపులోంచి పంపేశారు. మూడేళ్లయింది.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను. ఆ రంగు వేసింది నేను. సెలవుల్లో, సర్వీసైన ప్రతి ఇంజన్‌కూ, రెగ్యులేటర్ కూర్చునే చోట కూడా సందు వదలకుండా. మీరు మెచ్చుకున్నారని రెండేసి పూతలు.

నిన్న మావయ్య దగ్గరికి వెళ్లాను. సైకిల్ ట్యూబుకు అతుకు వేస్తున్నాడు.

"ఏమే ఇంజనీరమ్మా, దారి తప్పావా?" అన్నాడు.

అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. అతుకు మీద బొటనవేలు అలాగే నొక్కిపెట్టి, "మీటరు సరిగ్గా చూశావా?" అన్నాడు.

"ఏడుసార్లు చూశాను మావయ్యా."

"అయితే... నేను కాల్చలేదా?"

ఇన్నాళ్లూ మన మీద కోపంతో రావడం లేదనుకున్నాం. తన చేతిలోనే ఏదో లోపముందని నమ్మి, ఇంజన్ ముట్టుకోవడమే మానేశాడట.

కాల్చలేదని నేను చెప్పాను. తల ఊపాడు గానీ, "బావకు తెలుసా?" అని అడిగాడు. మీరొచ్చి చెప్పండి నాన్నా.

ఇట్లు,
మీ రాక కోసం కాచుకున్న
పెద్దకూతురు