ఒకే కుండ ముందు రెండు ప్రార్థనలు

రెడ్‌మండ్, అమెరికా,
12 నవంబర్ 1986.

ప్రియమైన చెల్లి విమలకుమారికి,

ప్రభువు కృపవలన క్షేమంగా ఉన్నానని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

పక్క వాటాలోని జపాన్ ఆవిడ మిసెస్ ఒగావా, నేను ప్రతి శనివారం కలిసి భోంచేస్తాం. బల్ల మధ్య చిన్న పొయ్యి మీద కుండలో చారు కాగుతుంటే చేప ముక్కలు, క్యాబేజీ, పుట్టగొడుగులు వేసుకుంటూ, ఉడికినవి ఉడికినట్టే తీసుకు తింటాం. మొదట్లో నేను ఎంగిలని జంకితే ఆవిడ నవ్వి, "కుండ ఒకటే గాని గరిటెలు రెండున్నాయి లెండి" అన్నారు. ఇప్పుడు వారమంతా ఆ ఆవిరి కోసమే ఎదురుచూస్తాను.

మొన్న శనివారం ప్రార్థన చేసి భోజనం మొదలుపెట్టాం. సగం తిన్నాక ఆవిడ కుండలో మళ్ళీ చేప ముక్కలు వేశారు. నేను చేతులు జోడించి, అదే ప్రార్థన మొదటినుంచీ చెప్పాను. కళ్ళు తెరిస్తే నా గిన్నెలో చేప ముళ్ళు కనిపించాయి. ఆవిడ రెండోసారీ తల వంచి "ఆమెన్" అన్నారు.

ముప్పై ఏళ్ళు కాగితం చూడకుండా కాలేజీలో పాఠం చెప్పినదాన్ని. మన అమ్మకు మతిమరుపు ఇలాగే మొదలైందా? ఏ వయసులో? దాచకుండా రాయి. దూరాన క్యారీ ఊళ్ళో ఉన్న మా అమ్మాయి లూసీకి మాత్రం చెప్పకు. ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, వచ్చెయ్యి, నీ రూమ్ రెడీగా ఉంది" అంటుంది. ఇది తెలిస్తే ఇక అడగదు, వచ్చి తీసుకుపోతుంది. నా ఇల్లూ, నా శనివారమూ పోతాయి.

ఈ సంగతి నీకు ఇదివరకే ఒకసారి రాసి ఉంటే, అది కూడా దాచకు.

నీ అక్క