నీ మోచేతి ఎత్తు

సుగుణా,

నర్మెట్ట ఇంట్లో నీ వంటగట్టు ఈరోజు పూర్తయింది.

నాకంటే జానెడు పొడుగున్న నువ్వు, మా అమ్మ ఎత్తుకు కట్టిన పాత గట్టు మీద ఇరవై ఏళ్లు వంగి వండావు. నడుం నొప్పి అంటే, "అందరు వండుతలేరా?" అన్నాను.

చివరికి మేస్త్రీ యాకూబ్ నీ మోచేతి ఎత్తు చూసి గోడమీద బొగ్గుతో గీత గీశాడు. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది, సిమెంటు లారీ రాలేదు. సమ్మె ముగిసేలోపే నువ్వు పోయావు.

"గింత ఎత్తు నీకందదన్నా, జర తగ్గిస్త," అన్నాడు యాకూబ్ మొన్న.

"గీతకాడికే కట్టు," అన్నాను.

దాని మీద పొయ్యి పెడితే గిన్నెలో ఏముందో నాకు కనబడలేదు. కింద నేలమీద పెట్టుకుని, వంగి వండుకున్నాను. నడుం పట్టేసింది.

"అందరు వండుతలేరా?" అనడానికి ఇంట్లో ఎవరూ లేరు.