సరిచూడని కంపాసు

హైదరాబాదు, 12-8-1949

బీరప్ప అన్నకు దండాలు. విమానం పడ్డదని విని అవ్వ అన్నం ముట్టడం లేదట. నేను అందులో లేను, క్షేమంగా ఉన్నానని చెప్పు.

అది మన ఆత్మకూరు దిక్కు గత్తర మందు, అదే కలరా మందు, తీసుకుపోతున్న చిన్న విమానం. దొరల మీద తిరగబడ్డ సంఘానికి భయపడి పట్నం చేరిన ఒక దొర కొడుకు దాన్ని నడిపాడు. విమానాల మరమ్మతు నా పనే కదా, దిక్కులు చూపే కొత్త కంపాసు బిగించి పాతది తీసెయ్యమని నాకు చెప్పాడు. రేడియో పెట్టగానే కొత్తదాని ముల్లు పక్కకు జరగడం నేను చూశాను.

"దొరా, పాతది గూడ ఉండనీయుండ్రి. రెండు సరిజూసుకుంటె తొవ్వ తప్పది" అన్నాను.

"గొర్లు కాసెటోనివి, నాకే దిక్కులు చెప్తవారా?" అని అందరి ముందు నవ్వాడు. పాతదాన్ని నా చేతులతోనే విప్పాను.

మబ్బుల్లో కింద తొవ్వ చూపే రైలు పట్టాలు కనబడక, ఆ ముల్లునే నమ్మి నల్లమల దిక్కు పోయి ఒక చేనులో దిగాడు. అతనికి దెబ్బ తగల్లేదు. మందు మాత్రం ఎడ్లబండి మీద మూడో రోజుకు చేరింది. గుర్వమ్మ చిన్నమ్మ రెండో రోజే పోయిందని నీ కార్డులో చదివాను.

రెండు కంపాసులూ సరిచూసే పంపానని రాసిన కాగితం మీద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. నౌకరీ తీసేశారు.

ఇంట్లో అందరూ సూది వేయించుకున్నారా? నీళ్లు కాచి తాగండి. వానకు గొర్ల కొట్టం కారుతున్నదా?

మందు ఎందుకు ఆలస్యమైందో చిన్నాయనకు ఎవరూ చెప్పకండి. వచ్చే వారం శనివారం వచ్చి, ఆయన ముందర నిలబడి నేనే చెబుతాను.

వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు ఐలేశం