అమ్మ తుంటి గుండు

హనుమకొండ,
ఆదివారం.

అక్కా,

నీకూ బావకూ మొక్కి నీ చెల్లె రాసేది. పిల్లలు బడికి పోతున్నారా? బావకు దగ్గు తగ్గిందా? నేను మంచిగున్నాను. ఫోన్లో ఈ ముక్క తప్ప ఇంకోటి నోటికి రావడం లేదు, అందుకే కాగితం పట్టాను.

అమ్మ పోయాక కాలేజీ ల్యాబుకు తిరిగొచ్చి నెలయింది. పని అదే. ఒంట్లో ఎముకల బదులు వేసే లోహం ఎట్లా అరుగుతుందో చూడటానికి, ఉప్పునీళ్లలో ఆ లోహపు బిళ్ల పెట్టి గట్టి గుండుతో రుద్దుతాం. రుద్దినంతసేపు దాని పైపొర గీరుకుపోయి కంప్యూటర్లో కరెంటు గీత లేస్తుంది. ఆపితే పొర మళ్లీ పట్టుకొని గీత దిగుతుంది. ఆ గీతను చూస్తూ కూర్చుంటాను. హాస్టల్ కూరలో ఉప్పుందో లేదో తెలియడం లేదు. ఏడుపు ఇప్పటికీ రాలేదు.

అక్కా, దవాఖానలో అమ్మ తుంటికి వేసిన లోహపు గుండును బూడిదలోంచి తీసింది నేనే. మూడోనాడు అస్థికలు ఏరేటప్పుడు చున్నీ కొంగున కట్టుకున్నాను. మేము రుద్దే లోహమే కదా, ఎముక కాదు కదా, గోదావరిలో ఎందుకు అనుకున్నాను. "గుండు ఏడ పోయిందే?" అని నువ్వడిగితే "నాకేం ఎరుక" అన్నాను. అమ్మ ఒంట్లోది ఏదీ మిగలొద్దని, గుండు దొరికేదాకా నువ్వు గోదావరి ప్రయాణం ఆపేశావు. బావ కాటికాపరి మల్లయ్య తాతను దొంగన్నాడు. మొన్న నువ్వది చెప్పినప్పుడు కూడా నోరు మూసుకునే ఉన్నాను. సిగ్గయినా రాలేదు.

శుక్రవారం దాన్ని మా ల్యాబు మేడంకు చూపించాను.

"మంటల కాలింది కదా రజితా, కరెంటు లెక్కకు పనికిరాదు" అంటూనే మైక్రోస్కోపు కింద పెట్టింది. "అయ్యో, ఒక్క దిక్కే ఇంత అరిగిందేంది! అమ్మ బాగ కుంటేదా?"

"లేదు మేడం, మంచిగనే నడిచేది."

"ఇంత అరిగినంక మంచిగ నడుసుడు కష్టం. శాన ఏండ్లు నొప్పి పడ్డది."

నేనూ చూశాను. ఒకవైపంతా గీతలే. నాట్లేసి వచ్చిన రోజు కూడా "నాకేమైతాంది బిడ్డా, మంచిగున్న" అనేది కదా. మనం నమ్మి అన్నం తిని పడుకునేవాళ్లం.

వచ్చే ఆదివారం గుండు తీసుకొని నర్సంపేట బస్సెక్కుతాను. ముందు మల్లయ్య తాత కాళ్లు పట్టుకొని ఆ తర్వాతే మన వాకిట్లోకి వస్తాను. బావను తిట్టకు, తిట్టేదేదో నన్నే తిట్టు. ముగ్గురం కలిసి గోదావరికి పోదాం. జర రెండు జొన్నరొట్టెలు చేసిపెట్టు. పెద్దమ్మకు దండాలు చెప్పు.

పైన మంచిగున్నానని రాశాను కదా. మంచిగ లేను అక్కా.

నీ చెల్లె,
రజిత