గార్డు ఏ బండికి?

టికియాపారా, హౌరా
12 జనవరి 1986

చిరంజీవి బావమరిది వెంకటరత్నానికి బావ అప్పలసూరి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. పలాసలో మీరూ క్షేమమేనని రాశావు గాని, ఆ చేతిరాత చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

మీ అమ్మాయి దాలమ్మకి సంబంధం చూడమన్నావు. చూస్తున్నాను. రైల్వే షెడ్డులో రిటైరైనంత మాత్రాన నాకు మనుషులు తక్కువేం కాలేదు.

ఈలోగా బంతి సంగతి. మా పేట క్లబ్బు బంధు సమితి బాస్కెట్‌బాల్ జట్టు ఈ ఏడూ కిందామీదా పడుతోంది. కాలేజీల నుంచి కుర్రాళ్ళని తెచ్చే పద్ధతి చూస్తే ఒళ్ళు మండిపోతుంది. ఆట చూడటం మానేశారు, మామయ్య ఏ కమిటీలో ఉన్నాడో చూస్తున్నారు. ఎదుటి జట్టువాళ్ళు తెచ్చిన తాటిచెట్టు లాంటివాణ్ణి బూట్లతో సహా కొలిచి పొడుగు రాశారని నా అనుమానం. మా సెక్రటరీ దాదా కొత్త గొడుగుతో తిరుగుతున్నాడు. ఇది వానాకాలమా? ఎవరిచ్చారు ఆ గొడుగు?

ఒక్క మంచిపని మాత్రం జరిగింది. నేను పోరగా పోరగా, విశాఖపట్నం కాలేజీ నుంచి భానుమూర్తి అనే కుర్రాణ్ణి తెచ్చి నేరుగా గార్డుగా వేశారు. మన శ్రీకాకుళం వైపువాడే. బుద్ధిమంతుడు, పెళ్ళి కాలేదు. ఒకటే లోపం. ఎవరికీ పాస్ ఇవ్వడు.

నీ బావ
అప్పలసూరి

తా.క. నీళ్ళ పంపుల గురించి పేటలో మీటింగు పెడితే నేను లేచి, "మన కష్టాలన్నిటికీ సెంటరే కారణం" అన్నాను. ఎర్రజెండా వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఢిల్లీ మాట నాకెందుకు? రింగు కింద నిలబడి బంతి అందుకునే పొడుగాటి సెంటర్ మా జట్టులో లేడనేగా నా బాధ!


పలాస
24 జనవరి 1986

పూజ్యులైన బావకి వెంకటరత్నం నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. బంతి అన్న మాట కనబడగానే ఆ పేరా దాటెయ్యడం నాకు మీ పెళ్ళినాటి నుంచీ అలవాటు. ఏమీ అనుకోకు.

కానీ గార్డు సంబంధం బంగారంలాంటిది! కాలేజీ నుంచి నేరుగా గార్డుగా తీసుకున్నారంటే ఎంత తెలివైనవాడో. గూడ్సా, మెయిలా? పాస్ ఎందుకివ్వడు? పెళ్ళయితే భార్యకైనా ఇస్తాడా, లేక అప్పుడూ ఇంతేనా? మనిషి పిసినారి అని అనుమానంగా ఉంది.

దాలమ్మ నాకు ఒక్కతే. కలకత్తా అంత దూరం పంపి నేను బతకలేను బావా. అందుకని గుట్టుగా అడుగుతున్నాను. అతను వాల్తేరు డివిజన్‌కి ట్రాన్స్‌ఫర్ అవుతాడా? ఆ గార్డులు పలాసలోనే దిగుతారు. పిల్ల నా కళ్ళెదుటే ఉంటుంది. ఎవరితో మాట్లాడాలో చెప్తే నేనే మాట్లాడుకుంటాను.

నీ బావమరిది
వెంకటరత్నం

తా.క. జీడిపప్పు పంపుతున్నాను. సగం గార్డుకి ఇవ్వు.


టికియాపారా
5 ఫిబ్రవరి 1986

వెంకటరత్నానికి అప్పలసూరి రాయునది. ఈసారి దీవెనలు లేవు, ఎందుకో నీకే తెలుసు.

ఇన్నేళ్ళలో మా జట్టు గురించి ఒక్క మాట అడగనివాడివి, ఇప్పుడు గార్డుని వాల్తేరు వైపు లాగుతావా? నీ వెనక ఏ క్లబ్బు ఉంది? "గూడ్సా, మెయిలా" అని అడిగితే నాకు తెలియదనుకున్నావు. కుర్రాడి వేగం ఎంతో కూపీ లాగుతున్నావు! చెప్పను.

మాది ఫస్ట్ డివిజన్. అతను పోతే మేం సెకండ్ డివిజన్‌కి జారిపోతాం. ఈ ఊళ్ళో ట్రాన్స్‌ఫర్ల రోజులొస్తే ఏ క్లబ్బు మనుషుల్ని ఆ క్లబ్బు దాచుకుంటుంది. అందుకే భానుమూర్తిని మా ఇంట్లో దాచాను. అసలే మొన్న శనివారం ఐదు ఫౌళ్ళు రాసి, బయట కూర్చోబెట్టారు. విజిల్ ఊదినవాడి మీదే నా అనుమానం.

అప్పలసూరి

తా.క. జీడిపప్పు గార్డుకి ఇవ్వలేదు. పరాయి క్లబ్బు పంపిన తిండి మా కుర్రాడి నోట్లో పడనివ్వను. నేనే తిన్నాను. ఇప్పటిదాకా ఏమీ కాలేదు.


పలాస
17 ఫిబ్రవరి 1986

బావకి నమస్కారాలు. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు.

ఒక్కరోజులో ఐదు తప్పులు చేసి ఉద్యోగం నుంచి బయట కూర్చున్నవాణ్ణి నా కూతురికి చెప్తావా? పైగా ఇంట్లో దాస్తావా! ఎంతమందికి దెబ్బలు తగిలాయి? పేపర్లో ఒక్క ముక్క రాలేదు, తొక్కిపెట్టారు. విజిల్ ఊదాల్సింది గార్డు కదా, మరి ఇంకొకడు ఎందుకు ఊదాడు? పోలీసులు నిన్ను కూడా పట్టుకుంటే అక్క గతేమిటి?

నిజం తేలాలని స్టేషనుకి పోయి, దిగిన గార్డునల్లా అడుగుతున్నాను. "ఏటి బాబూ, టికియాపారా కాడ ఐదు తప్పులు సేసి మా బావింట్లో దాక్కున్న గార్డుని ఎరుగుదువా?" అంటే అందరూ నన్ను తప్పించుకుని పోతున్నారు. కోదండం అని ఒకడు మాత్రం ఆగాడు. నీ ఉత్తరాలు చూపిస్తే నవ్వి నవ్వి తన పెట్టె మీద కూలబడ్డాడు. బంతి పేరాలు కూడా వదలకుండా చదివాడు. సంగతేమిటని అడిగితే, "ముందు మీ బావని అడగండి" అన్నాడు. వీడి మీదా నాకు అనుమానంగానే ఉంది.

వెంకటరత్నం

తా.క. మిగతా ఉత్తరాలు చూడ్డానికి ఆదివారం ఇంటికొస్తానన్నాడు. పనీపాటా లేనివాడిలా ఉన్నాడు.


టికియాపారా
2 మార్చి 1986

చిరంజీవి వెంకటరత్నానికి మళ్ళీ దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్క సన్యాసమ్మకి చదివి వినిపించి, "చూశావా నీ తమ్ముడి కుట్ర" అన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "కుట్ర నేదు, ఏటీ నేదు. ఆడు రైలు గార్డనుకున్నాడయ్యా! ఆ గుంటడు కుండెడన్నం తినేస్తన్నాడు, ముందు ఆణ్ణి బయటికి తోలు" అంది.

అప్పుడర్థమైంది. భానుమూర్తి జనపనార మిల్లులో గుమస్తా. ఆటలోనే గార్డు, అంటే వెనకుండి బంతి నడిపేవాడు. పాస్ అంటే పక్కవాడికి బంతి అందించడం. ఫౌళ్ళు ఆటలో తప్పులు. ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. అతనికి మేనమామ కూతురుతో ఎప్పుడో మాట అయిపోయిందట. ముందే చెప్పలేదేమంటే, "మీరు ఆట గురించి తప్ప ఏమీ అడగలేదు కదా" అన్నాడు. దాలమ్మకి వట్టి ఆశ పెట్టినందుకు నాకు చాలా బాధగా ఉంది.

ట్రాన్స్‌ఫర్ల రోజులు గడిచాయి. గార్డు మాతోనే ఉన్నాడు. సెంటరే ఇంకా దొరకలేదు.

నీ బావ
అప్పలసూరి

తా.క. నా బంతి పేరాలు పూర్తిగా చదివినవాడు మామూలు మనిషి కాడు. ఆ కోదండం ఎవరి తాలూకో కనుక్కో. ఊరికే అడుగుతున్నాను, పొడుగెంత ఉంటాడు?


పలాస
20 ఏప్రిల్ 1986

బావకి, అక్కకి నమస్కారాలు. శుభవార్త, ఆ వెనకే నా ఏడుపు.

దాలమ్మకి పెళ్ళి కుదిరింది. వరుడు కోదండమే. అసలు సిసలు రైలు గార్డు, వాల్తేరు డివిజన్. నేను కోరుకున్నదంతా దొరికిందని పొంగిపోయాను. ఆదివారం ఆదివారం వచ్చి నీ పాత ఉత్తరాలన్నీ దాలమ్మ చేత చదివించుకుని వినేవాడు. నేను దాటేసే పేరాలే మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. సెక్రటరీ గొడుగు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒకటే నవ్వు. నేను అనుమానించాల్సింది అప్పుడు!

కాలేజీ రోజుల్లో అతనూ ఆ ఆటే ఆడాడట. మా గుమ్మంలో వంగి గాని లోపలికి రాలేడు. నిన్న వచ్చి, "మావా, హౌరా దిక్కుకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. ఆ జట్టుకి గార్డున్నాడు, సెంటరే దొరకనేదు" అన్నాడు. దాలమ్మ వంక చూశాను. అది అప్పటికే పెట్టె సర్దుకుంటోంది.

పిల్ల కళ్ళెదుట ఉంటుందనుకున్నాను బావా. నవ్వుతూ పోతోంది కాబట్టి కాదనలేకపోయాను గాని, ఇల్లు ఇప్పటి నుంచే బోసిగా ఉంది. నీ మనిషిని నేనెత్తుకుపోతానని అక్కడ కాపలా కాశావు. నా అల్లుణ్ణి ఉత్తరాలతోనే ఎత్తుకుపోయావు. నా పిల్లని జాగ్రత్తగా చూసుకో.

నీ బావమరిది
వెంకటరత్నం

తా.క. పెళ్ళికి రావడానికి నీకు పాస్ ఇస్తానన్నాడు అల్లుడు. ఏ పాసో ఈసారి నేను అడిగే రాస్తున్నాను. రైలుదే. టేపు మాత్రం తేకు, పీటల మీద పెళ్ళికొడుకు పొడుగు కొలిస్తే ఊరుకోను.