బావ పేరు మీది బియ్యం

లేహ్,
పెత్రమాస తెల్లారి, 2011

అమృతక్కకు నీ తమ్ముడు బిక్షం దండం పెట్టి రాసేది.

సాతంరాయి గ్రామ ప్రజలందరికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: శంషాబాద్‌ల విమానం ఎక్కిన నీ తమ్మునికి కిటికి పక్క సీటు దొరకలే. నడిమిట్ల కూసొని, అటొకడు ఇటొకడు గురక పెడుతుంటె ఢిల్లీ దాక పోయిండు. గీ వార్త డప్పు కొట్టి చెప్పియ్యి.

నవ్వినవా? ఇగ నవ్వకు. నాకు కడుపు మండుతున్నది.

ముత్తయ్య బావ లారీ తోలినన్నాళ్లు గీ కొండ మీది తెల్ల స్తూపం ముచ్చటనే చెప్తుండె గదా. లోకమంత శాంతిగుండాలని జపాన్ సాములు కట్టిచ్చిన్రట. మంచు పడి తొవ్వ బందైతే గీడ కూసుంటడంట, పాణం నిమ్మళమైతదంట. అందుకే ఆయన పోయినంక వచ్చిన మొదటి పెత్రమాసకు, ఆయన పేరు మీద ఇచ్చే బియ్యం పూజ చేసే ఐనోరికి ఇయ్యకుంట నా చేతిల పెట్టినవు. నేను టూరోళ్లకు వంట చేసెతందుకు గీడికే వస్తున్ననని బావ తువ్వాలలనే మూట కట్టి, "స్తూపం కాడ ఎవలికన్న ఇయ్యిరా తమ్మీ" అన్నవు.

నిన్న పొద్దుగాల కొండ కింద మా వంట కాడికెల్లి నీళ్లకు పోయి వచ్చేసరికి, మా టూరు మేనేజర్ రాఘవేందర్ మూట ఇప్పి, కుక్కర్ల పోసి, పొయ్యి మీద పెట్టిండు! బియ్యం తక్కువ పడ్డయట.

"సార్, గవి సచ్చినోని పేరు మీది బియ్యం!"

"బియ్యమే గదనే బిక్షం, లొల్లి చెయ్యకు. ఎవలకు చెప్పకు, తినేటోళ్లు పరేషాన్ అయితరు."

"మీ బాపుకు పెట్టిన పిండంల గూడ గిట్లనే పప్పు పోసుకొని తింటవా సార్?"

అప్పటికే ఉడికిన కుక్కర్ దించి, బావ తువ్వాలతోని పట్టుకొని కొండ మెట్లెక్కిన. గీడ నాలుగడుగులేస్తెనే ఊపిరాడది. ఎనక ఆయన ఒర్లుతనే ఉన్నడు. పైన మా టూరు మేడమొకామె స్తూపానికి ఈపు పెట్టి ఫోటో దిగుతున్నది. "ఎంత ప్రశాంతంగా ఉందో! ఆకలేస్తోంది బాబూ, ఆ అన్నం ఇక్కడే వడ్డించెయ్యి" అన్నది.

గీళ్ల శాంతి ఏందక్కా? ఇంకొకరి దుఃఖం ఉడకబెట్టుకొని తిని, ఫోటోల నవ్వుడా? "గిది మీది గాదమ్మా, మా బావది" అని ఎవ్వలిని ముట్టనియ్యలే.

గప్పుడు ముసలి సామి ఒకాయన వచ్చి, ఒక్క ముద్ద తిని, కండ్లు మూసుకొని, "మీ బావ గీడనే ఉన్నడు" అన్నడు. గది ఇని రాఘవేందర్ నా కాళ్ల మీద పడ్డడు.

అక్కా, నీకు అబద్ధం రాయాలంటె చెయ్యి ఆడుతలేదు. సామి ఎవలు రాలే. గది కల్పించిన. రాఘవేందర్ కాళ్ల మీద పడలే, "ఇగ మా టూర్లకు రాకు" అన్నడు. బావ గీడ ఉన్నడో లేడో నాకెట్ల ఎరుక? గది నా నోటి మాట.

మెట్ల మీద ఒక లారీ డ్రైవర్ కూసున్నడు, పంజాబాయన. "క్యా హై భాయీ?" అన్నడు. "మా బావ పేరు మీది అన్నం, ఆయన గూడ లారీ డ్రైవరే" అని నాకొచ్చిన ఉర్దూల చెప్పిన. నెత్తి మీది పగిడి సదురుకొని, చెప్పులిడిచి, అన్నానికి రెండు చేతులు పట్టిండు. గిది నేను కల్పించలే.

కడుపునిండ తిన్నడు. ఉప్పు లేదన్నడు. గదీ నిజమే.

నీ కొలువు పోయిన తమ్ముడు,
బిక్షం